అత్త ప్రోగ్రాము, కొత్త పెట్టె

మా టీవీకి ఒక రోగం ఉండేది. కొన్ని రోజులు పొద్దున్నే బొమ్మ పోయేది. తెర నిండా నీలం రంగు, మధ్యలో సిగ్నల్ లేదని ఒక ముక్క. మధ్యాహ్నం దాటేసరికి ఎవరూ ముట్టుకోకుండానే మళ్లీ వచ్చేది. వానకు పోతోందందామంటే, మా కడప జిల్లాలో వాన కోసం మేమే ఎదురుచూస్తూ ఉంటాం. గాలికి అందామంటే, వేపాకు కూడా కదలని రోజుల్లో పోయేది. మెకానిక్ వచ్చేవాడు, మిద్దె ఎక్కేవాడు, దిగేవాడు. "డిష్షు బాగనే ఉండాదక్కా, మీ పెట్టె పాతబడింది" అనేవాడు. అతను వస్తున్నాడని తెలిస్తే మా అత్త ముందే మిద్దె ఎక్కి, అడ్డం ఉన్నవన్నీ తీసి, చెంబుతో నీళ్లు పెట్టి వచ్చేది. మర్యాదలో ఆమె తర్వాతే ఎవరైనా.

మాది మగ్గాల ఇల్లు. మామ, అత్త ఇద్దరూ నేస్తారు. నూలును చిలపలుగా, అంటే కట్టలుగా చేసి, రంగు వేసి ఎండబెట్టేదీ వాళ్లే. నేను కండెలకు నూలు చుడతాను, వంట చేస్తాను, మిద్దె జోలికి పోను, అందరి మీదా నోరు చేసుకుంటాను. మా ఆయన చీరలు బద్వేలు అంగళ్లకు వేసి పొద్దుగూకాక వస్తాడు. ఆయన వచ్చేసరికి టీవీ బాగుంటుంది. "నీకే రాదేమో, నాకు వస్తాండాదే" అని నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

పగలు మగ్గం చప్పుడులో టీవీ మాటలు వినపడవు. అందుకని మేము రికార్డు చేసే పెట్టె పెట్టించుకున్నాం. అత్త తన సీరియళ్లన్నీ అందులో పట్టి పెట్టుకుని, సాయంత్రం కాళ్లు చాపుకుని చూసేది. తర్వాత తర్వాత చూడడం కూడా తగ్గింది. తెర దగ్గరికి జరిగి జరిగి కూర్చునేది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయని కడప డాక్టరు చెప్పాడు. మొదట కుడి కన్నుకు ఆపరేషన్ అన్నాడు. షుగరు ఎక్కువుందని ఒకసారి వాయిదా కూడా పడింది.

ఆ మధ్యలోనే ఒక చానెల్ వాళ్లు నేత పని మీద ప్రోగ్రాము తీస్తామని మా వీధికి వచ్చారు. మామను ఏమడిగినా "ఊ", "అవునప్పా" అని ఊరుకున్నాడు. వాళ్లలో ఒక అమ్మాయి ఉన్నట్టుండి, "ఈ అంచు ఎవరు నేస్తారు?" అంది. మామ అత్త వైపు చెయ్యి చూపించాడు. ఇన్నేళ్లలో అత్తను ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఊళ్లో ఎవరైనా మామ చీర అంటారే గానీ అత్త చీర అనరు. ఆమె కాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక మొదలుపెట్టిందంటే ఆగలేదు. వాళ్లను మిద్దె మీదికి కూడా పిలుచుకుపోయి ఏమేమో చూపించింది. నేను కింద వాళ్లకు టీ కాస్తూ, ఈమెకు ఇన్ని మాటలు వచ్చా అని ఆశ్చర్యపోయాను.

తీరా చూస్తే, ప్రోగ్రాము వేసే రోజూ ఆపరేషన్ రోజూ ఒకటే అయింది. మళ్లీ వేసేది లేదనీ, ఫోన్లలో చూసే వీలు కూడా ఉండదనీ ఆ అమ్మాయి చెప్పింది. ఆపరేషన్ ఇంకోసారి జరుపుదామా అంటే డాక్టరు కోప్పడ్డాడు.

"పోనీలేమ్మా, రికార్డు పెట్టు" అంది అత్త. "ఏం మాట్లాడినానో నాకే గుర్తులేదు. అద్దంలో సూసుకుంటే మొగం మబ్బుమబ్బుగా ఉండాది. కన్ను బాగైనాక టీవీలోనన్నా నన్ను నేను తేటగా సూసుకుంటా."

ఆ మాట నా గుండెలో దిగబడిపోయింది. ఆ ప్రోగ్రాము పోతే ఆమె మొగం నేను చూడలేననిపించింది.

సరిగ్గా అప్పుడే పాత పెట్టె కన్ను మూసింది. దాని లోపలి డిస్కు పోయిందన్నారు. కొత్త పెట్టె వచ్చింది గానీ, పాతదాంట్లో పెట్టుకున్న రికార్డు షెడ్యూళ్లు దాంట్లోకి వాటంతట అవి రావట. రిమోట్ పట్టుకుని ఒక్కొక్కటే మళ్లీ పెట్టుకోవాలి. నేను రిమోట్‌తో కూర్చున్నాను, అత్త నా పక్కన కూర్చుంది. ఆమెకు సీరియళ్ల పేర్లు తెలియవు, కథలే తెలుసు. "కోడలు చేసిన పులుసులో అత్త ఉప్పు పోసిందే, అది పెట్టు" అంటుంది. అట్లాంటివి మూడున్నాయి. ఏ అత్త, ఏ కోడలు అని తేల్చుకునేసరికి నా తల వాచిపోయింది. అన్నీ అయ్యాక, నేల చూపులు చూస్తూ, "నాది గూడా పెడితివా?" అంది. పెట్టి, పక్కన ఎర్ర చుక్క పడేదాకా చూపించాను. ఆమెకు ఆ చుక్క కనపడలేదని నాకు తెలుసు. కనపడినట్టే తల ఊపింది.

ఆ రోజు తెల్లవారగానే మా ఆయన అత్తను తీసుకుని కడపకు పోయాడు. ఇంట్లో నేనూ మామా మిగిలాం. ఆయనకు మగ్గం మీద మనసు నిలవలేదు. లేచి నూలుకు రంగు వేయడం మొదలుపెట్టాడు. భయం వేస్తే ఆయన మాట్లాడడు, ఏదో ఒక పనిలో చెయ్యి పెడతాడు. నేను వంట ముగించి, ప్రోగ్రాముకు ఇంకా కొంత పొద్దుందనగా టీవీ పెట్టాను.

తెర నిండా నీలం.

పెట్టె కొత్తదైనా సిగ్నల్ లేకపోతే అది రికార్డు చేసేది నీలం రంగునే. మెకానిక్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అంతలో మా ఆయన ఫోన్. "అమ్మను లోపలికి పిలుచుకుపోయినారు. పోతా పోతా గూడా ప్రోగ్రాము పెట్టినావా అని అడగమనింది."

"పెట్టినా పో!" అని అరిచి ఫోన్ పెట్టేశాను. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు పాపం ఆయన మీద పడ్డాను. కొంగు బిగించి మిద్దె ఎక్కాను.

డిష్షు ముందు ఒక ఇనుప చెయ్యి పొడుచుకుని ఉంటుంది కదా, దాని నిండా తడి నూలు చిలపలు! ఎర్రటివి, లావుపాటివి, నీళ్లు కారుతున్నాయి. ఆ బరువుకు డిష్షు తల వంచుకుని మా ఎదురింటి గోడను చూస్తోంది. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. రంగు వేసిన రోజే టీవీ పోవడం, నూలు ఎండి బరువు తగ్గాక రావడం, మా ఆయన ఇంటికి వచ్చేసరికి బాగుండడం, మెకానిక్ వస్తున్నాడంటే అత్త అన్నీ తీసి సర్దడం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"మామా! దీని మీద నూలు ఏసింది నువ్వేనా?"

"ఎప్పుడూ ఆడనే గదమ్మా ఏసేది" అన్నాడు కింద నుంచి, నేను అడిగిందే వింత అన్నట్టు.

చిలపలన్నీ లాగి పిట్టగోడ మీద పడేశాను. అయినా డిష్షు పూర్తిగా లేవలేదు. ఇన్నాళ్ల బరువుకు మరలు వదులైనట్టున్నాయి. మామను టీవీ ముందు నిలబెట్టి, రెండు చేతులతో దాన్ని పైకి ఎత్తాను.

"వచ్చెనా?"

"రాలా!"

"ఇప్పుడు?"

"రాలా!"

"ఇప్పుడు సూడు మామా!"

"వచ్చె వచ్చె! కదిలించాకు!"

కదిలించకుండా ఎంతసేపు పట్టుకుంటాను? నూలు కట్టే తాడు తీసుకుని ఆ ఇనుప చేతిని మిద్దె మీది కమ్మీకి బిగించి కట్టాను. పడుగు తాడుకు వేసే ముడి, అది తెగినా తెగుతుంది గానీ జారదు. కిందికి పరిగెత్తేసరికి పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ప్రోగ్రాము పేరు పడుతోంది. నేను టీవీ ఆపేశాను. ఆమె చూడకముందు మేము చూడడం ఏమిటి అనిపించింది. ఇద్దరం ఆ ఎర్ర దీపాన్నే చూస్తూ కూర్చున్నాం. అది ఆరాక మా ఆయన ఫోన్ చేసి, ఆపరేషన్ బాగా అయిందన్నాడు. నేను గట్టిగా ఏడ్చేశాను. మామ లేచి పోయి పిట్టగోడ మీది నూలు సర్దుకున్నాడు.

ఆ తర్వాత మామను నేను వదల్లేదు. అన్నం పెడుతూ, మంచినీళ్లు ఇస్తూ, "డిష్షు మీద నూలు ఆరేసే తెలివి యాడ నేర్చినావు మామా" అని దెప్పుతూనే ఉన్నాను. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

డాక్టరు సరేనన్నాక ఒక సాయంత్రం అందరం టీవీ ముందు కూర్చున్నాం. అత్త గోడకు ఆనుకుని, దూరంగా కూర్చుంది. దగ్గరికి జరుగు అన్నా జరగలేదు. తెర మీద అత్త మగ్గం ముందు కూర్చుని అంచు గురించి చెప్పింది. అన్ని మాటలూ వేశారు, ఒక్కటీ కోయలేదు. తర్వాత మిద్దె వచ్చింది. అత్త ఆ అమ్మాయితో మాట్లాడుతూనే తడి చిలపలు ఒక్కొక్కటే డిష్షు చేతికి తగిలిస్తోంది. "దీన్ని పెట్టించినప్పటి నుంచి నాకు దండెం బాధ తప్పిందమ్మా" అంటోంది.

మామ నా వైపు చూశాడు. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను అత్త వైపు తిరిగాను, అడుగుదామని నోరు కూడా తెరిచాను.

"ఆపు, అట్లే నిలిపెయ్" అంది అత్త. కూర్చున్న చోటు నుంచే తెర వైపు వేలు చాపింది. "ఆ మూడో చిలపలో ఒక పోగు తెగి యాలాడతాండాది, సూడు. నాకు కనపడతాండాది."

నేను తెర దగ్గరికి పోయి చూశాను. నిజమే, తెగి ఉంది. డిష్షు సంగతి ఆ రోజు ఇక ఎవరూ ఎత్తలేదు.