నాలుగు పచ్చ గీతలు

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆఫీసులో ఎవరికీ పట్టలేదు. అందరూ గీతలమ్మ అనేవారు. ఫోన్ తెర మూల నాలుగు చిన్న గీతలు గీయడమే ఆమె ఉద్యోగమని వాళ్ళ ఎగతాళి. గీతలే కదా అనుకునేరు! డ్రోన్ ఎగరేసేవాడి ప్రాణమంతా వాటిలోనే ఉంటుంది. కింద ఫోనుకీ పైన డ్రోనుకీ మధ్య రేడియో మాట ఎంత బాగా నడుస్తోందో అవే చెప్పాలి. నాలుగూ పచ్చగా ఉంటే ధీమాగా ముందుకు పోవచ్చు. ఎర్రబడితే తోక ముడిచి వెనక్కి రావాలి.

ఆమె ఉత్త మొండిఘటం. అంతకుముందు డ్రోన్ నడిపే ఆ యాప్‌లో గీతలు సిగ్నల్ ఎంత గట్టిగా వినబడుతోందో చూపేవి. "గట్టిగా అరిస్తే మాట అర్థమైనట్టేనా? సంతలో అందరూ అరుస్తారు" అని పోట్లాడి, పంపిన వంద మాటల్లో చెక్కుచెదరకుండా ఎన్ని చేరుతున్నాయో చూపేలా మార్చింది. అక్కడితో ఆగలేదు. ఆ రేడియో లింకు ఎలా ఉందన్న కబురు కూడా ఆ లింకు మీదే రావాలి కదా. అది తెగిపోతే, తెగిందని ఎవరొచ్చి చెబుతారు? చచ్చినవాడు లేచొచ్చి నేను చచ్చానని చెప్పడు. చివరిసారి వచ్చిన పచ్చ గీతలే తెర మీద నిలబడి ఉంటాయి. అందుకని ఒక్క సెకను కబురు రాకపోయినా గీతలు బూడిదరంగులోకి మారిపోయేలా చేసింది.

అదే కంపెనీలో డ్రోన్లు ఎగరేసేది ఆమె అన్నయ్య. నాన్న పోయాక చెల్లెల్ని చదివించింది కూడా ఆయనే. పొగగొట్టాల మీద, పాత మేడల మీద పగుళ్ళు వెతకడం ఆయన పని. డ్రోన్ ఎటు పోతే తనూ అటే నడుస్తూ, మెడ ఎత్తి దాన్నే చూస్తూ ఉండేవాడు.

"తెర నాకేం చెబుతుందే? నా కళ్ళు నాకు చాలు."

"నీ కళ్ళకి రేడియో కనబడుతుందా అన్నయ్యా?"

"వచ్చిందండీ పెద్ద ఇంజనీరు!"

భోజనాల దగ్గర రోజూ ఇదే గొడవ. వదిన ఇద్దరి మధ్యా కూర గిన్నె పెట్టి, "ముందు తినండి, తరవాత ఎగురుదురుగాని" అనేది. గీతలమ్మ వదిలితేగా! సైటుకి వెళ్ళి, డ్రోన్ గోడ చాటుకు పోగానే గీతలు బూడిదరంగుకు తిరగడం ఆయన కళ్ళకి చూపించింది. ఒకటికి పదిసార్లు చూశాడు. ఆ తర్వాత మెల్లమెల్లగా మెడ దించాడు. "మా చెల్లి గీతలు అబద్ధమాడవురా" అని తోటి పైలట్ల దగ్గర గొప్పలు కూడా పోయేవాడు.

ఇక మేనేజరు సంగతి చెబుతాను, వినండి. కొనేవాళ్ళకి యాప్ చూపించాల్సిన వారం. గది నిండా ఫోన్లు, గాలి నిండా వైఫైలు. గీతలు మధ్యమధ్యలో క్షణంపాటు బూడిదరంగులోకి జారి మళ్ళీ పచ్చబడుతున్నాయి.

"అమ్మా, ఆ బూడిద తీసెయ్యి. వచ్చినవాళ్ళు హడలిపోతారు."

"తీస్తే లింకు తెగినా పచ్చగానే ఉంటుంది సార్. అది అబద్ధం."

"అబద్ధమెందుకవుతుంది, ఆఖరి నిజం. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ పెట్టుకుందువుగాని."

ఆఖరి నిజమట! ఎంత తియ్యగా అన్నాడో చూడండి. ఆమె ఎంత వాదించినా గోడకు చెప్పుకున్నట్టే అయింది. చివరికి తన చేతులతోనే తీసేసింది. కొనేవాళ్ళు మెచ్చుకున్నారు. వాళ్ళు మెచ్చుకున్నదే అందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయింది. మళ్ళీ పెడదామంటే "వచ్చే అప్‌డేట్‌లో చూద్దాం" అనేవాడు. అన్నయ్యకి చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. అంత వాదించి ఆయన మెడ దింపించాక, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? నేడో రేపో సర్దేస్తాగా అనుకుని మింగేసింది. కొంప ముంచింది ఆ మింగడమే.

ఒక మిట్టమధ్యాహ్నం అన్నయ్య పొగగొట్టం వెనకవైపు పగులు చూస్తున్నాడు. పూర్వమైతే తనూ చుట్టూ తిరిగి డ్రోన్ కంటపడేచోట నిలబడేవాడు. ఇప్పుడు గీతలున్నాయి కదా అని ఇవతలే ఉండిపోయాడు. లింకు తెగింది, తెర మీద బొమ్మ ఆగిపోయింది. కదలని గోడ బొమ్మ ఆగిందో లేదో ఎవరికి తెలుస్తుంది? గీతలు నాలుగూ పచ్చగానే ఉన్నాయి. ఆయన ఆ పగుల్నే చూస్తూ నిలబడ్డాడు. డ్రోనేమో, లింకు పోతే బయల్దేరిన చోటికి రావాలన్న అలవాటు కొద్దీ తిన్నగా వెనక్కి తిరిగి, పొగగొట్టానికి కొట్టుకుని, కింద బస్టాపు అద్దాల కప్పు మీద పడింది. ఒక ముసలాయన భుజం చీరుకుపోయింది. ప్రాణం దక్కింది, అదే పదివేలు.

డ్రోన్లు ఎగరేయడానికి పర్మిట్లు ఇచ్చే ఆఫీసులో విచారణ పెట్టారు. పర్మిట్ పోతే అన్నయ్య ఇక డ్రోన్ ముట్టుకోకూడదు. ఆయనకి వేరే పని రాదు, వేరే పని మీద మనసూ లేదు. మేనేజరు దర్జాగా తెర రికార్డింగు వేసి చూపించాడు.

"చూడండి సార్, చివరిదాకా నాలుగు గీతలూ పచ్చగానే ఉన్నాయి. మా యాప్ తప్పేం లేదు. పైలట్ చేతి పొరపాటు."

గీతలమ్మకి ఒళ్ళు మండిపోయింది. తను గీసిన గీతలే అన్న మీద సాక్ష్యం చెబుతున్నాయి! విసురుగా లేచి, ఒక డ్రోన్ బల్ల మీద పెట్టి ఆన్ చేసింది. ఫోన్లో నాలుగు గీతలు వచ్చాయి. డ్రోన్ బ్యాటరీ ఊడబీకి అధికారి ముందు పెట్టింది. గీతలు నాలుగూ పచ్చగానే ఉన్నాయి. అధికారి బ్యాటరీ వైపూ ఫోను వైపూ మార్చి మార్చి చూశాడు. మేనేజరు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"ఇలా ఎవరు చేశారమ్మా?"

"నేనే సార్. ఈయన చేయమన్నారు. మా అన్నయ్యకి నేను చెప్పలేదు."

"అలా అన్నట్టు నాకు గుర్తు లేదండీ" అని మేనేజరు చేతులు దులుపుకున్నాడు.

ఆమె ఉద్యోగం ఆ క్షణానే ఊడింది. ఊడితే ఊడింది, అన్న పర్మిట్ నిలబడితే చాలనుకుంది. అధికారి అన్నయ్య వైపు తిరిగాడు.

"యాప్ సంగతి విడిగా చూస్తాం. కానీ డ్రోన్ మీద నుంచి చూపు తిప్పకూడదన్నది పర్మిట్‌లో మొదటి షరతు. అది మీకు తెలీనిది కాదు. చూపెందుకు దించారు?"

కళ్ళలో ఎండ పడిందని ఒక్క మాట అంటే బయటపడేవాడు. అనమని ఆమె సైగ కూడా చేసింది. ఆయన ఆమె వైపు చూడలేదు. బల్ల మీద ఇంకా పచ్చగా వెలుగుతున్న గీతల్నే చూస్తున్నాడు.

"దించమని మా చెల్లే చెప్పిందండీ" అన్నాడు.

జేబులోంచి పర్మిట్ కార్డు తీసి, అధికారి అడక్కముందే ఆ బ్యాటరీ పక్కన పెట్టాడు.