మా నాన్న తండ్రి కాదని తేల్చిన హాస్టలు

అమలాపురంలో నేను బీఎస్సీ చదివిన మూడేళ్ళూ ఉన్న ఆడపిల్లల హాస్టలు వరండాలో ఒక నిబంధనల బోర్డు ఉండేది. నేను చేరేనాటికి దాని మీద యాభై మూడు నిబంధనలున్నాయి. ఖాళీ చేసి వచ్చేనాటికి అరవై దాటాయి. అందులో ఏదీ ఊరికే పుట్టలేదు, ప్రతిదాని వెనకా ఒక పిల్ల ఉంది. 'గదులలో బతికున్న పీతలను ఉంచరాదు' అన్నది చదివి మొదటిరోజే పడీపడీ నవ్వాను. ఆ పిల్లది మా ఐ.పోలవరం వైపేనని తెలిశాక నవ్వడం మానేశాను.

తొమ్మిదో నిబంధన ప్రకారం గేటు నుంచి మెస్ దాకా సిమెంటు బాట మీదే నడవాలి. పద్నాలుగో దాని ప్రకారం కొబ్బరిచెట్ల కింద నిలబడకూడదు, కాయ నెత్తిన పడుతుందని. బాటకు రెండు పక్కలా ఉన్నవి కొబ్బరిచెట్లే. అందుకని ఎదురుపడ్డ ఇద్దరు ఆగి మాట్లాడుకోవడానికి లేదు. ఒకరు వెనక్కి తిరిగి రెండో మనిషితో పాటు నడవాల్సిందే. అన్నానికని బయల్దేరి, మాటల్లో పడి, గేటు దగ్గర తేలిన రోజులు నాకు చాలా ఉన్నాయి. మళ్ళీ మెస్ దాకా వెళ్ళేసరికి సాంబారు అడుగంటేది.

ఇన్నిటిలోనూ నా ప్రాణం తోడేసింది ముప్పై ఒకటోది. ఆదివారం కాక వేరే రోజున బయటికి వెళ్ళాలంటే అవుట్‌పాస్ కావాలి. దానికి తండ్రి ఫోన్లో ఒప్పుకోవాలి. ఒకప్పుడు ఆ ఒప్పుకోలు మాటతో సరిపోయేదట. ఎవరో పిల్ల వాళ్ళ పెదనాన్న కొడుకు చేత గొంతు బొంగురు చేయించి, నాన్నలా మాట్లాడించి దొరికిపోయింది. అప్పటినుంచి మా వార్డెన్ మేడం పరీక్ష పెట్టడం మొదలెట్టారు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. చెడ్డమనిషి కాదు గానీ రుజువు లేకుండా దేన్నీ నమ్మరు. కావాలనే ఒక తప్పు విషయం అనేవారు. నిజం తండ్రయితే సరిదిద్దుతాడు, దొంగ తండ్రయితే తలాడిస్తాడు. ఇదీ ఆవిడ సిద్ధాంతం.

ఈ సిద్ధాంతం మా నాన్నను ఎరగదు. నాన్న రొయ్యల చెరువుల మీద మేత వేసే పని చేస్తాడు. పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్ళ మాటకు, అందులోనూ చదువుకున్నవాళ్ళ మాటకు, ఎదురు చెప్పి ఎరగడు. ఎవరేమన్నా "ఆయ్" అంటాడు. అది ఒప్పుకోవడం కూడా కాదు. మీ మాట నా చెవిన పడింది, మీరు కులాసాగా ఉండండి అని మర్యాద చెయ్యడం. నన్ను చేర్పించిన రోజు ఆఫీసులో గుమాస్తా అప్లికేషన్ చూసి, తల్లి లేదు కాబట్టి విజిటర్ కార్డులో రెండో ఫొటో గడి కొట్టేయమంటారా అని అడిగాడు. నాన్న ఆయ్ అన్నాడు. ఆ గడిలో పెట్టాల్సిన ఫొటో నా చేతి సంచీలోనే ఉంది. నేను సంచీ జిప్పు తీసేలోపే అడ్డగీత పడిపోయింది.

ఆ ఫొటో మా పిన్నిది. అమ్మ పోయేనాటికి నాకు మూడేళ్ళు. అమ్మ చెల్లెలు, అమ్మమ్మను వెంటబెట్టుకుని పది రోజులు ఉండి వెళదామని వచ్చి, పదిహేనేళ్ళు ఉండిపోయింది. నాకు జడ వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ, ఎక్కాలు రాకపోతే వీపు మోగించిందీ ఆవిడే. మా ఇంట్లో కాదనే మాట పిన్ని నోట మాత్రమే వినపడేది. బియ్యం కొట్టువాడితోనూ, పాస్టరుగారితోనూ ఒకే గొంతుతో వాదించేది. నాకున్న కోపం అక్కడినుంచి వచ్చిందే.

నేను మొదటి ఏడాదిలో ఉండగా పిన్నికి కువైట్‌లో ఒక ఇంట్లో పని కుదిరింది. రెండేళ్ళ దాకా రావడానికి లేదు. బుధవారం సాయంత్రం ఆరింటికి అమలాపురంలో హైదరాబాదు బస్సెక్కాలి. మా హాస్టలు నుంచి బస్టాండు నడిచిపోయేంత దూరం. ఎలాగైనా ఎక్కించి రావాలని, సోమవారమే అవుట్‌పాస్‌కి రాశాను. మేడం నన్ను ఎదురుగా నిలబెట్టి, స్పీకర్ పెట్టి నాన్నకు ఫోన్ చేశారు. మీ అమ్మాయి బీకామ్ కదండీ అని అడిగారు. నాన్న ఆయ్ అన్నాడు. మీది రాజోలు కదండీ. ఆయ్. మీకు ముగ్గురు ఆడపిల్లలు కదండీ. ఆయ్ మేడంగారూ. నేను ఒక్కదాన్నే కూతుర్ని. ఆ క్షణాన, లేని చెల్లెళ్ళు ఇద్దరూ నా కళ్ళముందు నిలబడ్డారు.

మేడం ఫోన్ పెట్టేసి, ఎవరిచేత మాట్లాడిస్తున్నావని నిలదీశారు. అది నాన్నేనని ప్రమాణం చేశాను. ఆవిడ నమ్మలేదు. అదే వారం నా రూమ్మేటుకి పాస్ వచ్చింది. వాళ్ళ నాన్నగా మాట్లాడింది ఇంకా మీసమైనా సరిగా మొలవని మేనమామ. బీకామ్ ఏంటండీ, మా అమ్మాయి చదివేదేంటో మీకు తెలియదా అని మేడంనే గదమాయించాడట.

మర్నాడు హాస్టలు ఫోన్లో నాన్నను కడిగేశాను. ఎందుకు ఆయ్ అన్నావని అరిచాను. నాన్న నొచ్చుకుంటూ, "అంత చదువుకున్న మేడంగారు అంటా ఉంటే, కాదని ఎలా అంటానమ్మా?" అన్నాడు. రేపు స్వయంగా వచ్చి అడుగుతానని మాత్రం మాటిచ్చాడు.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి నాన్న వచ్చాడు. వెనకాలే, తాడు కట్టిన సూట్‌కేసుతో పిన్ని. కార్డు మీద ఫొటో ఉంది కాబట్టి నాన్నను లోపలికి పంపారు. పిన్నిని గేటు బయటే ఆపేశారు. మేడం వరండాలో కుర్చీ వేసుకుని, కార్డు మీద ఫొటోనూ నాన్న మొహాన్నీ మార్చి మార్చి చూశారు. ఫొటో సరిపోయింది, కానీ ఫోన్లో మాట్లాడిందీ ఈయనేనా అన్నది తేలాలన్నారు. పరీక్ష మళ్ళీ మొదలైంది. మీ అమ్మాయి బీకామ్ కదండీ. నాన్న నా వైపు చూశాడు. నేను కళ్ళు ఉరిమాను. నుదుటి మీద చెమట తుడుచుకుని, ఆయ్ అన్నాడు.

అప్పుడు గేటు బయటినుంచి పిన్ని గొంతు లేచింది, సోమవారం నాన్న ఫోన్లో ఆయ్ అన్నవాటికి కూడా కలిపి. "బీకామ్ కాదండి, బీఎస్సీ అండి. రాజోలు కాదండి, పోలవరం. ముగ్గురు కాదండి, ఒక్కతే."

వాచ్‌మన్ కంగారుపడ్డాడు. ఇరవై రెండో నిబంధన ప్రకారం గేటు బయటినుంచి లోపలివాళ్ళతో మాట్లాడకూడదు. కార్డు లేనివాళ్ళు లోపలికి రాకూడదని ఇరవై మూడోది. కాసేపు ఆలోచించి, ఆయన గేటుకున్న చిన్న తలుపు తెరిచి, తల మాత్రం లోపలికి పెట్టి మాట్లాడమని పిన్నికి మర్యాదగా చెప్పాడు. పిన్ని అలాగే తల లోపల, ఒళ్ళు బయట పెట్టి వంగి నిలబడింది. కువైట్ వెళ్ళడానికి కట్టుకున్న కొత్తచీర అంచు మట్టిలో ఆనుతోంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మేడం కుర్చీ అటు తిప్పుకున్నారు. ఆవిడకు ఇన్నాళ్ళకు సరైన అభ్యర్థి దొరికినట్టుంది. పిల్లకు కాకరకాయ ఇష్టం కదండీ అన్నారు. పిన్ని కాదంది, వాసనకే కంచం ముందునుంచి లేచిపోతుందంది. పిల్ల నెమ్మదస్తురాలు కదండీ అన్నారు. ఎవరండీ అన్నది అని పిన్ని ఎదురు అడిగింది. చిన్నప్పుడు పెంచింది అమ్మమ్మగారు కదండీ అన్నారు.

"కాదండి, నేనండి," అంది పిన్ని.

మేడం పెన్ను మూత తీశారు. అడిగిన ప్రతి తప్పునూ సరిదిద్దింది ఈ మనిషి ఒక్కరే కాబట్టి, నిబంధన ప్రకారం పిల్ల తండ్రి ఈవిడేనని తేల్చేశారు. రిజిస్టరులో గార్డియన్ అనే గడి లేదు, తండ్రి సంతకం అని ఒక్కటే ఉంది. అయినా నాన్నను ఒకమాట అడగడం న్యాయమనుకున్నారో ఏమో, ఆయన వైపు తిరిగి, "ఈవిడే తండ్రి అని రాసుకోమంటారాండీ?" అని అడిగారు.

"ఆయ్ అండి," అన్నాడు నాన్న. ఆ ఒక్కసారీ ఆ మాట మీద నాకు కోపం రాలేదు.

పిన్ని తల లోపల పెట్టుకునే, చెయ్యి కూడా లోపలికి చాపి, వాచ్‌మన్ పట్టుకున్న రిజిస్టరులో తండ్రి గడిలో సంతకం పెట్టింది. మాకు రెండున్నర గంటలు దొరికాయి. బస్టాండు పక్క హోటల్లో పెసరట్టు తిన్నాం. హాస్టలు బకెట్టుకు చిల్లు పడిందని తెలిసి కొత్త బకెట్టు కొని పెట్టింది. జడ సరిగా వేసుకోవడం లేదని బస్సెక్కేదాకా తిడుతూనే ఉంది. బస్సు కదిలాక నాన్నా నేనూ ఆ బకెట్టు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాం.

నెల తర్వాత, ఊళ్ళో మా చర్చి పండగని అవుట్‌పాస్ అడిగాను. నాన్న వచ్చి సంతకం పెట్టాడు. మేడం రిజిస్టరు తిరగేసి, తండ్రి సంతకం పాతదానితో సరిపోలడం లేదన్నారు. నేను నెత్తి కొట్టుకున్నాను. ఆవిడ తొణక్కుండా, ఆ తండ్రి నంబరు ఇమ్మన్నారు. అప్పటినుంచి నా ప్రతి అవుట్‌పాస్‌కీ మా హాస్టలు నుంచి కువైట్‌కు వాట్సాప్ కాల్ వెళ్ళేది. మేడం ఒక తప్పు మాట అనేవారు. అక్కడ వంటింట్లోంచి పిన్ని గదమాయించి సరిదిద్దేది. ఆ రెండు నిమిషాల కోసమే నేను అక్కర్లేని పాసులు కూడా అడిగేదాన్ని. మేడంకి ఆ సంగతి తెలుసనుకుంటాను.

రెండో ఏడాది వర్షాకాలంలో ఒకరోజు అలాగే ఫోన్ కలిపారు. పిన్ని గొంతు బాగా నీరసంగా ఉంది. మేడం ఎప్పటిలాగే ఒక తప్పు మాట అన్నారు.

"పిల్లకి మీ మీద బెంగ తగ్గిపోయింది కదండీ?"

అటువైపు గిన్నెల చప్పుడు ఆగింది. పిన్ని, "తగ్గే ఉంటదిలెండి. ఏడాది దాటింది కదా," అంది.

మేడం రిజిస్టరు మూసేశారు. తండ్రి తప్పు చెప్పారు కాబట్టి ఈ ఆదివారం దాకా పాస్ లేదన్నారు. విద్యార్థినులు వార్డెన్ ఫోన్ ముట్టుకోరాదన్నది బోర్డు మీద ఎన్నో నంబరో నాకు గుర్తు లేదు. ఆవిడ ఆ ఫోన్ తీసి నా చేతిలో పెట్టారు.

"మీ పిన్నిగారు తప్పు చెప్పేరమ్మా. నువ్వు సరిదిద్దు."

ఫోన్ చెవికి ఆనించుకున్నాను.

"తగ్గలేదు పిన్నీ," అన్నాను.