అమీర్‌పేటలో గంజి పెట్టిన యూనిఫాం

వాన. ఉదయం ఆరింటికి మా రెండు ట్రక్కులు బేగంపేట దాటి అమీర్‌పేట సందులో ఆగాయి. నేను ఆర్మీ ఇంజినీర్లలో హవల్దారుని. సామాను: జాకీలు, కాంక్రీటు కోసే రంపాలు, తాళ్లు, స్ట్రెచర్లు. గోడల నిండా కంప్యూటర్ కోర్సుల పోస్టర్లు. ఆ కోర్సుల కోసం వచ్చిన కుర్రాళ్లుండే మూడంతస్తుల హాస్టలు ముందురోజు సాయంత్రం కూలింది. పక్క స్థలంలో సెల్లారుకని లోతుగా తవ్వేశారు. కుర్రాళ్లు క్లాసులకు వెళ్లబట్టి బతికిపోయారు. కింద వంటగదిలో ఉన్న వంటమనిషి యాదమ్మ మాత్రం దొరకలేదు.

మాతో ఒక విదేశీ అధికారి ఉంది. ఐరోపా సైన్యంలో కెప్టెన్. మాకు శిక్షణ ఇవ్వడానికి వచ్చి, కబురు వినగానే తనూ ట్రక్కెక్కింది. బూడిదరంగు యూనిఫాం, భుజం మీద వాళ్ల జెండా. అక్కడి జనం మాటలు ఆవిడకు చెప్పడానికి, నాకు తెలుగు వచ్చని నన్ను పక్కన వేశారు. మాది గుంటూరు వైపు, హైదరాబాదు తెలుగు నాకు సగమే అర్థమవుతుందని మేజరు గారికి నేను చెప్పలేదు.

రాగానే ఆవిడ స్లాబుల మధ్య సందులోకి పాక్కుంటూ పోయింది. బయటికొచ్చేసరికి యూనిఫాం చొక్కా అంతా సిమెంటు బురద. కాసేపు కూర్చోమని మేజరు గారి ఆర్డరు. చొక్కా విప్పి, టీషర్టుతో ట్రక్కులో వాలింది.

అప్పుడొచ్చాడు సత్తయ్య. యాదమ్మ భర్త. ఎదురుగా టైలరు షాపు.

"సార్, గా మేడం అంగీ జర ఇయ్యుండ్రి. ఉతికిస్త."

"ఇప్పుడు బట్టలేంటండీ సత్తయ్య గారూ!"

"ఊకె కూసుంటె పానం ఆగుతలేదు సార్. మనకోసం గంత దూరంకెల్లి వచ్చింది. మట్టి బట్టల నిలబెడ్తమా?"

ఇచ్చేశాను. కరెంటు లేదు. వాన వెలిసేసరికి బొగ్గుల ఇస్త్రీ పెట్టెతోనే ఆరబెట్టి తెచ్చాడు. చూసి నోరెళ్లబెట్టాను. రిపబ్లిక్ డే పరేడులో కూడా అంత మడత చూడలేదు.

"గంజి సుత పెట్టిన. మా నేతోళ్ల ఇండ్లల్ల గంజి లేంది బట్టనే కాదు సార్" అన్నాడు.

కెప్టెన్ చొక్కాను వేలితో కొట్టి చూసింది. అట్టలా టకటకమంది. నవ్వి, తొడుక్కుని, సత్తయ్యకు సెల్యూట్ కొట్టింది. మన సందులో మన టైలరుకు విదేశీ సెల్యూట్! నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

తర్వాత అసలు పని. స్లాబు సందులోకి మైకు దించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పిడికిలి ఎత్తింది.

"అన్నీ ఆపండి" అన్నాను వాకీటాకీలో.

"పంజాగుట్ట వైపు బండ్లన్నీ ఆపినం అన్నా" అన్నాడు ట్రాఫిక్ కానిస్టేబులు.

జనరేటరు ఆగింది. జనం నోళ్లు మూశారు. కెప్టెన్ తల అడ్డంగా ఊపింది. హెడ్‌ఫోన్లలో ఏదో చప్పుడు. మళ్లీ వింది. మళ్లీ అదే, కరకరమని. ఊపిరి తీసుకుంటూ తన మోచేతి వైపు చూసుకుంది. గంజి చొక్కా చప్పుడది!

సత్తయ్య మొహం పాలిపోయింది. "నేనే చెడగొట్టిన్నా సార్?" అన్నాడు గుసగుసగా.

ఆవిడ విసుక్కోలేదు. చొక్కా మెల్లగా విప్పి పక్క స్లాబు మీద పెట్టింది. అది పడలేదు. ఛాతీ విరుచుకుని దానంతటదే నిలబడింది. అమీర్‌పేట అంతా ఊపిరి బిగబట్టింది.

కాసేపటికి కెప్టెన్ కళ్లు పెద్దవయ్యాయి. హెడ్‌ఫోన్లు తీసి సత్తయ్య చెవులకు పెట్టింది. వినగానే అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"గంటె సార్! అన్నం వండే గంజు మీద గంటెతోని కొడ్తున్నది. అన్నమైంది రాండ్రని పోరగాళ్లను గట్లనే పిలుస్తది. యాదమ్మనే సార్!"

చప్పుడు వచ్చిన వైపు రంపాలు పెట్టాం. మధ్యాహ్నం రెండు దాటాక యాదమ్మను పైకి తీశాం. కాలు విరిగింది. చీర చిరిగింది. ప్రాణం నిక్షేపంగా ఉంది. కెప్టెన్ ఆ గంజి చొక్కా తెచ్చి ఆమెకు కప్పింది. యాదమ్మ దాన్ని తడిమి, భర్త వైపు చూసి, "గింత గంజి పెడ్తరా?" అన్నది. మేమందరం నవ్వుతూ ఏడ్చాం.

సాయంత్రం వెనక్కి బయల్దేరాం. కెప్టెన్ టీషర్టుతోనే కూర్చుంది. యూనిఫాం లేకుండా డ్యూటీలో ఉండటం తప్పు. మేజరు గారు చూసీ చూడనట్టు ముందుకెళ్లి కూర్చున్నారు. అలాంటి వాళ్లతో పనిచేశానని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.

రిటైరై ఇక్కడే స్థిరపడ్డాను. అమీర్‌పేట చౌరస్తాలో హారన్ల హోరు మధ్య ఎప్పుడు నిలబడ్డా నాకు కనిపించేది ఒకటే. చడీచప్పుడు లేని ఆ సందు, స్లాబు మీద మనిషి లేకుండా నిటారుగా నిలబడ్డ ఆ చొక్కా. నా చెయ్యి దానంతటదే నుదుటి దాకా లేస్తుంది.