ఆకుపచ్చ టేపు చుట్టిన జాయింటు

మా అపార్టుమెంటులో లిఫ్టు ఆగిపోవడం కొత్తేమీ కాదు గానీ, మొన్న ఆగినప్పుడు మాత్రం కింద మీటర్ల గదిలో ప్యానెల్ తలుపు తెరిచారని తెలిసి, మోకాళ్లు వద్దంటున్నా వినకుండా మెట్లన్నీ దిగి వెళ్లాను. ఖమ్మంలో మా అబ్బాయి కొనుక్కున్న ఫ్లాటులో రిటైరైన మనిషిగా కాలక్షేపం చేస్తున్న నాకు, ఈ రోజుల్లో చూడాలనిపించే వాటిలో తెరిచిన ప్యానెల్ ఒకటి. టీవీలో వచ్చేవాటికన్నా అందులోనే మనుషుల అసలు గుణం బాగా కనబడుతుంది. లోపల చూద్దును కదా, లిఫ్టుకూ నీళ్ల మోటారుకూ కరెంటు తెచ్చే ఉమ్మడి ఫీడర్ తీగలను ఎక్కడపడితే అక్కడ గీకి, రాగి బయటపడిన చోటల్లా సన్నతీగ మెలేసి, దానిమీద నల్లటేపు చుట్టి ఎవరింటికి వాళ్లు లాక్కుపోయారు. ఒకరిది ఏసీకట, ఒకరిది గీజరుకట, ఒక పెద్దమనిషిది కారు చార్జింగుకట. వచ్చిన ఎలక్ట్రీషియన్ ఏది ఎవరిదో చెప్పమంటే, అక్కడ నిలబడ్డ ఇంజినీర్లూ లెక్చరర్లూ అందరూ ఒక్కసారిగా పైకప్పు వంక చూడటం మొదలుపెట్టారు. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నారాంటీ అని పక్క ఫ్లాటు అమ్మాయి అడిగితే ఏం చెప్పను? ఈ పైకప్పు చూపులు నేను ఇంతకుముందే చూశానని, వాళ్లు పంచెలు కట్టుకున్నారు వీళ్లు ప్యాంట్లు వేసుకున్నారు అంతే తేడా అని చెబితే ఆ పిల్లకు అర్థమవుతుందా?

మన ఈడువాళ్లకైతే కొంచెం చెబితే చాలు. టేకులపల్లి దాటి లోపలికి పోతే అడవి అంచున మా తండా, వాగుకు అవతల ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడ్డ రైతుల ఊరు, ఆ వాగు ఒడ్డునే రెండు పెద్ద మోటార్లతో ఎత్తిపోతల పంపుహౌసు. ఐటీఐలో వైర్‌మన్ ట్రేడు చదివి సర్టిఫికెట్ పట్టుకొచ్చిన నన్ను ఆ పంపుహౌసులో ఆపరేటరుగా పెట్టుకున్నారు. పెట్టుకున్నారంటే నా తెలివి చూసి కాదు, ఆ అడవి పక్కన పాముల మధ్య పగలంతా కూర్చోవడానికి మగపిల్లలెవరూ ఒప్పుకోలేదు. ఆడపిల్ల కటింగ్ ప్లేయర్ పట్టుకుంటే వింత చూడటానికి వచ్చేవాళ్లకు మాత్రం కొదవ లేదు. వాళ్లలో ఒక్కడికీ ఫేజుకూ న్యూట్రలుకూ తేడా తెలియదు, అయినా ప్రతివాడూ నాకు నాలుగు జాగ్రత్తలు చెప్పి మీసం సవరించుకుని పోయేవాడు.

చేరిన రోజు ప్యానెల్ తలుపు తెరిచి, కాసేపు చూసి, మళ్లీ మూసేశాను. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మోటార్లకు కరెంటు మోసుకొచ్చే లావుతీగను ఫీడర్ అంటారు. దానికి మధ్యలో అతుకు పెట్టకూడదు. పెట్టక తప్పనప్పుడు కరెంటు ఆపి, రాగి తళతళలాడేదాకా గీకి, సరైన క్లాంపుతో బిగించి, కొత్తగా తీసుకున్న తీగకు దాని ఫ్యూజు దానికి పెట్టాలి. ఇక్కడ చెరుకుగడ తొక్క తీసినట్టు తీగ తొక్క తీసి, దానికి ఇంకో తీగ మెలేసి, చాలక ఆ మెలిక మీదే మరొకరు మెలేసి, పైన టేపు చుట్టేశారు. దీన్ని మొదలుపెట్టిన ఘనత ఎత్తిపోతల సొసైటీ ప్రెసిడెంటు గారిది. పొలాల లైనుకు కరెంటు కొద్ది గంటలే వచ్చేది, ఎత్తిపోతల లైనుకు ఎక్కువసేపు ఉండేది, అందుకని ఆయన తన మామిడితోటలో బోరుకు ఈ ప్యానెల్లోంచి తీగ లాగించుకున్నాడు. లాగినవాడు ఆయన బామ్మర్ది. ఎవరి పెళ్లిలోనో పందిరికి సీరియల్ లైట్లు కట్టిన అనుభవంతో ఆ మనిషి తనను తాను ఎలక్ట్రీషియన్ అనుకునేవాడు, ఊరు కూడా అలాగే అనుకునేది. అలాంటి ఊరికి అలాంటి ఎలక్ట్రీషియనే దొరుకుతాడు.

ప్రెసిడెంటుది ఎర్రటేపు. ఆయన్ని చూసి ఇంకొకాయన లాక్కున్నాడు, ఆయనది పసుపు. ఆ తర్వాతి ఆయనది నీలం. మన తీగ మనకు తెలియాలని మొదలైన ఈ రంగుల ఏర్పాటు, చూస్తుండగానే పొలం గట్టంత గట్టి ఆచారమైపోయింది. ఒకరి గట్టు మీద ఇంకొకరు పార వేయనట్టే, ఒకరి టేపును ఇంకొకరు ముట్టకూడదు. వదులైనా, వేడెక్కినా, మాడు వాసన వచ్చినా సరే, టేపు ఎవరిదో వాళ్లే విప్పాలి. నీళ్ల వంతు దగ్గర ఒకరి తల ఒకరు పగలగొట్టుకునే ఈ మహానుభావులు, ఒకరి దొంగతీగకు ఇంకొకరు ఇచ్చుకునే మర్యాద చూసి తీరాల్సిందే.

ఇందులో మా నాయనదీ ఒక తీగ ఉంది. దాచడమెందుకు, ఆకుపచ్చ టేపు మాదే. పంపుహౌసు ఎత్తిపోసే కాలువ నీళ్లు వాగుకు అవతలి పొలాలకే పోయేవి. మా చేను ఇవతల అడవి పక్కన మెరక మీద ఉండేది, దానికి ఒక పాత బావి, బావిలో చిన్న మోటారు, అంతే దిక్కు. నేను చేరకముందే నాయన ప్రెసిడెంటు దగ్గరికి పోయి అడిగితే, నువ్వూ ఒకటి లాక్కోవోయ్ అని ఆయన ఉదారంగా సెలవిచ్చాడట. అందరూ లాక్కుంటే తనను అడిగేవాడు ఉండడని ఆయన ఉదారత. మా నాయన మాత్రం దాన్ని మేలు చేయడమే అనుకుని, ఆయన కనబడ్డప్పుడల్లా దండం పెట్టేవాడు. ఆ తీగ మీదే మా మిర్చి, ఆ మిర్చి మీదే మా ఇంటి ఏడాది.

చలికాలం వచ్చి మిర్చి పూత మీద ఉండగా, మోటార్లకు వచ్చే మూడు ఫేజుల తీగల్లో ఒకదాని మీది జాయింట్లు కాలడం మొదలైంది. టేపు మెత్తబడి జారేది, మోటార్లు మాటిమాటికీ ట్రిప్పయి ఆగిపోయేవి. వాగు అవతల ఊరంతటిదీ మిర్చే, తండాలో సగంమంది అక్కడే కౌలుకు వేసుకున్నారు. మోటార్లు కాలితే అందరి పంటా పోతుందని ఒక్కొక్కరి ఇంటికీ పోయి చెప్పాను. పసుపు టేపాయన నీలం వాడిది వదులుగా ఉందన్నాడు, నీలం వాడు ఎర్రది ముందు చూడమన్నాడు, ఎర్రటేపాయన, అంటే ప్రెసిడెంటు గారు, అరుగు మీద కూర్చుని పళ్లు కుట్టుకుంటూ, సాయంత్రం పంపుహౌసు దగ్గరికి అందరినీ పిలిపిస్తానన్నాడు. పిలిపించాడు కూడా. నేను చెప్పాల్సింది చెప్పాక, ఆ పెద్దమనిషి అందరి వంకా ఒకసారి చూసి నవ్వాడు.

"ఏవమ్మాయ్, అందరి మీదా పడుతున్నావు గానీ, ముందు మీ నాన్న తీగ తీసి మాట్లాడు. మీది తీసిన మరుక్షణం మావి మేమే తీసేసుకుంటాం. ఇదుగో, పదిమందిలో చెబుతున్నా."

అందరూ తలలూపారు. నా నోరు మూయించడానికి వేసిన ఎత్తని నాకు తెలుస్తూనే ఉంది, నేను వెనక్కి తగ్గుతానని వాళ్ల ధీమా. తగ్గేదాన్నేమో కూడా. ఇంతలో వెనకెక్కడో గోడకు ఆనుకుని కూర్చున్న మా నాయన లేచి, భుజం మీది తువ్వాల తీసి దులుపుకుని ముందుకొచ్చాడు.

"తియ్యి బిడ్డా. పదిమందిల మాటన్నరు గదా, గట్లెట్ల తప్పుతరు?"

మెయిన్ స్విచ్ దించి, టెస్టర్ పెట్టి చూసి, ఆకుపచ్చ టేపు విప్పి, మా జాయింటు నేనే కోశాను. నేను ఈ కొస కోస్తుంటే నాయన ఆ కొస పట్టుకుని నిలబడ్డాడు, తీగ కింద పడి ఎవరి కాలికీ తగలకూడదట. తర్వాత దాన్ని చుట్టలు చుట్టలుగా చుట్టుకుని, భుజాన వేసుకుని, అక్కడున్న ఆ ఘనులందరికీ మరోసారి దండం పెట్టి చేనివైపు పోయాడు. నాకు ఆ దండం చూసి ఏడుపొచ్చింది, ఏడిస్తే ఆడపిల్ల ఏడ్చిందంటారని పళ్లు బిగబట్టి ఊరుకున్నాను.

మరుక్షణం అన్న మాట ఏమైందో మీరు ఊహించే ఉంటారు. ఒకాయన మూఢం నడుస్తోందన్నాడు. దొంగతీగ లాగడానికి అవసరం లేని ముహూర్తం తీయడానికి అవసరమైంది. ఇంకొకాయన ఈ ఒక్క తడి నీళ్లు పెట్టడం అయిపోనీ అన్నాడు. మిగతావాళ్లు ప్రెసిడెంటు తీశాక తీస్తామన్నారు. ప్రెసిడెంటును అడిగితే, అది కట్టింది మా బామ్మర్ది, వాడు అత్తారింటికి పోయాడు, వాడి జాయింటు ఇంకొకరు ముట్టడం పద్ధతి కాదు కదమ్మాయ్ అని నాకు పద్ధతి నేర్పాడు. పోనీ నేనే కోసేస్తానని ప్లేయర్ తీస్తే, ఆయన మనుషులు ఇద్దరు ప్యానెల్ ముందు మంచం వేసుకుని పడుకున్నారు. పడుకోవడంలో మాత్రం వాళ్లను మించినవాళ్లు లేరు.

మా అమ్మా నాయనా బావిలోంచి బిందెలతో తోడి మిర్చి మొక్కలకు పోశారు. ఎన్ని మొక్కలకని పోస్తారు? ముందు వాలుమీది సాళ్లు వాడాయి, తర్వాత మిగతావి. నేను ఇంటికి రాగానే నాయన చేను సంగతి ఎత్తేవాడు కాదు, ఆయన అడిగేది ఒకటే మాట.

"ఇంకా తియ్యలేదా బిడ్డా?"

లేదని నేను విసుక్కుంటే, తీస్తరులే, పదిమందిల అన్నరు గదా అని నన్నే సముదాయించేవాడు. ఆ నమ్మకం చూస్తే నాకు ఆయన మీదా కోపం వచ్చేది. మనిషి ఇంత అమాయకుడెట్లా అయ్యాడు, ఇన్నేళ్లు ఎట్లా బతికాడు అనుకునేదాన్ని.

అత్తారింటి నుంచి దిగిన బామ్మర్ది, మోటార్లు ట్రిప్పవుతున్నాయని విని, నేను అన్నానికి పోయిన సమయం చూసి వచ్చి, స్టార్టర్ పడిపోకుండా దానికి ఒక వేపపుల్ల గుచ్చిపెట్టి పోయాడు. మోటారును కాపాడటానికి పెట్టిన ఏర్పాటును పుల్లతో ఆపడం అక్కడివాళ్ల దృష్టిలో నైపుణ్యం. నేను తిరిగి వచ్చేసరికి జాయింట్లు కాలి ఒక ఫేజు తెగిపోయింది, మిగిలిన రెండు ఫేజుల మీద రెండు మోటార్లూ మూలుగుతూ ఆగకుండా కాలాయి. నేను మెయిన్ దించేటప్పటికే పొగ పంపుహౌసు కిటికీల్లోంచి వాగు మీదికి పోతోంది. ఊరంతా పరుగెత్తుకొచ్చింది. పుల్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఆడమనిషి చెయ్యి పడ్డది, గందుకే గిట్లయింది" అన్నాడు కౌలుదారుల్లో ఒకడు. పాపం వాడి పంట కూడా పోతోంది, అయినా వాడికి కనబడింది నా చెయ్యే. ప్రెసిడెంటు గారు విచారంగా తలూపారు. అప్పుడు నేను ప్లేయర్ తీసుకుని, ఎర్రదీ పసుపుదీ నీలందీ అన్నీ వరసగా కోసి వాళ్ల కాళ్ల ముందు పడేశాను. ఎవ్వరూ అడ్డం రాలేదు. కరెంటు లేని తీగ మీద ఎవరికి ప్రేముంటుంది?

మోటార్లు వైండింగుకు ఖమ్మం పోయి తిరిగి వచ్చేలోపు ఊరందరి పూతా రాలిపోయింది. ఆ మరుసటి పంట కారుకు ప్యానెల్లో అవే రంగులు, అవే చోట్ల, మళ్లీ వెలిశాయి. ఆకుపచ్చ ఒక్కటే రాలేదు. పెట్టుకో నాయనా, అందరూ పెట్టుకున్నారని నేనే అన్నాను, అంత కసిగా ఉండేది నాకు. తీస్తనని పదిమందిల తీసినం గద బిడ్డా, మల్ల ఎట్ల పెడతం అన్నాడాయన. ఆ తీగచుట్ట మా ఇంట్లో మేకుకు అలాగే వేలాడుతుండేది, ఆయన పోయేదాకా. నాకు తర్వాత సర్కారు కొలువు వచ్చి ఆ పంపుహౌసు వదిలిపెట్టాను, ఎన్నో ప్యానెళ్లు చూశాను, ఆ ఊరి మీద చులకన మాత్రం తగ్గలేదు.

ఇంతకూ మీటర్ల గదిలో సంగతి. నా నవ్వు విన్న అసోసియేషన్ సెక్రటరీ గారు నావైపు తిరిగి, మేడం, మీరు ఈ లైన్లో పనిచేసినవాళ్లు కదా, ముందు మీ ఫ్లాట్ కనెక్షన్ తీయించండి, మిగతావి ఆటోమేటిగ్గా వచ్చేస్తాయి అన్నారు. మా ఫ్లాటుది కూడా ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నా నవ్వు ఏమైపోయిందో నాకే తెలియలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన మా అబ్బాయిని అడిగితే, బూట్లు విప్పుకుంటూ తాపీగా చెప్పాడు.

"అందరూ తీశాక తీద్దాంలే అమ్మా. ముందు తీసినోడు పిచ్చోడైతడు."

మా నాయన మనవడు! ప్రెసిడెంటు గారి ఇంట్లో పుట్టాల్సినవాడు దారితప్పి నా కడుపున పుట్టాడనుకున్నాను. మర్నాడు పొద్దున ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మెయిన్ దింపించాను గానీ, ఆ నల్లటేపుల్లో మాది ఏదో వెతకడానికే చాలాసేపు పట్టింది. ఆ రోజుల్లో దొంగతనానికైనా ఎవరి రంగు వాళ్లకు ఉండేది, చేసినవాడు తనదని ఒప్పుకునేవాడు. ఇప్పుడు అందరిదీ నలుపే. మా తీగ నేనే కోశాను. మా అబ్బాయి గుమ్మంలో నిలబడి ఫోను చూసుకుంటున్నాడు, రెండో కొస పట్టుకునేవాళ్లు లేక తీగ నేల మీద పడింది. వంగి, మోకాళ్లు పట్టుకుని, నేనే చుట్ట చుట్టుకున్నాను.

మిగతావి ఆటోమేటిగ్గా రాలేదని వేరే చెప్పాలా? లిఫ్టు ఆగుతూనే ఉంది. నిన్న మెట్ల మీద సెక్రటరీ గారు ఎదురైతే, ఇంకా తీయలేదా అని అడిగాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకుని తప్పుకుని పోయారు. పైకి వచ్చాక గానీ నాకు తట్టలేదు. మాట మా నాయన మాటే, కానీ నేనన్నది ఎగతాళిగా. ఆయన రోజూ నన్ను అదే అడిగేవాడు, చేను ఎండిపోతుంటే కూడా అడిగేవాడు, ఆ గొంతులో ఎగతాళి ఉండేది కాదు. వాళ్లు ఈపాటికి తీసే ఉంటారని నిజంగా అనుకుని అడిగేవాడు.