ఎర్రదీపం మీద బొట్టు

మా నాన్నకు చెవుడొస్తోందని ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. నా ఉద్యోగం అలాంటిది. డెబ్భైల్లో విజయవాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్స్ కలిపేదాన్ని. అవతలివాళ్ళు సగం మాట మింగేసినా పట్టుకోవాలి. డ్యూటీ దిగాక కూడా, లైను సరిగా వినపడకపోతే పక్కింటివాళ్ళు ఫోను నా చేతికే ఇచ్చేవాళ్ళు. అలాంటి నాకు, నాన్న నా పెదాలు చూశాకే జవాబు చెప్తున్నాడని తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు.

నాన్న పామర్రులో ఒక రైసు మిల్లులో ఇంజన్ చూసుకునేవాడు. వారమంతా అక్కడే ఉండి, సెలవు రోజున భవానీపురంలో మా ఇంటికి వచ్చేవాడు. మిల్లు ఇంజన్ చప్పుడే ఆయన చెవులు తినేసింది. ఆ మిల్లు ఆయనకు ఇచ్చిన మంచి వస్తువంటూ ఏదైనా ఉంటే అది కారు. మిల్లు యజమాని కొడుకు సరదాకి కొని, చెట్టుకు గుద్ది, ఊకకొట్టంలో పడేసిన పాత ఇంగ్లీషు కారు. రెండే సీట్లు, పైకప్పు లేదు, ముక్కు ఇంత పొడుగు. "ఇనపసామానుకి వేస్తున్నాం, నీకు కావాలంటే తీసుకుపో" అన్నారట. నాన్న దాన్ని ఏళ్ళ తరబడి బాగుచేసుకున్నాడు. ఇంజన్ ఎలా ఉందో ఎప్పుడూ మీటర్లు చూసి తెలుసుకోలేదు. చెవొగ్గి వినేవాడు. "ఇవాళ దీనికి గొంతు బాగాలేదే" అనేవాడు అమ్మతో.

ఆ చెవే పోయింది. ఒకసారి బ్యారేజీ మీద ఇంజన్ సలసలా కాగి, ముందు నుంచి ఆవిరి పొంగుతుంటే, సైకిళ్ళవాళ్ళు "ఆపండి, ఆపండి" అని అరుస్తుంటే, నాన్న వాళ్ళకు చెయ్యూపుతూ పోయాడు, కారు చూసి ముచ్చటపడుతున్నారనుకుని. పక్కసీట్లో ఉన్నది నేను. చెయ్యి పట్టుకుని గుంజితే గానీ ఆపలేదు.

ఇంటికొచ్చి విరుచుకుపడ్డాను. ఆయనకు వినపడాలంటే అరవాలి, అరిస్తే కోపం దానంతటదే వచ్చేసేది నాకు.

"అమ్మెయ్ నాన్నా! బస్సులో వెళ్ళు, బస్సులో రా. వినపడనివాడికి కారెందుకు?"

అమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "నాన్ననేనా నువ్వు అనేది?"

 నాన్న మెల్లగా అన్నాడు. "వినపడకపోతే కనపడేట్టు చేయించుకుంటాను. దీపాలు పెట్టిస్తాను. అప్పటికీ నా మూలంగా ఇంజన్ పాడైందంటే తాళంచెవి నీ చేతికిస్తాను. మళ్ళీ అడగను."



దీపాలు పెట్టింది ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్. ముస్లిం. లారీల వైరింగ్ చేసేవాడు. నోరు ఊరుకునేది కాదు. కారుని చూడగానే, "అన్నగారూ, ఇది కారు కాదండీ, ముక్కు సాగిన నవాబుగారి చెప్పు" అన్నాడు. నాన్నకు వినపడలేదు కానీ అతని మొహం చూసి నవ్వాడు.

లారీల నుంచి విప్పిన మీటర్లు తెచ్చాడు. ఒకటి ఆయిల్ ప్రెషర్‌కి, ఒకటి వేడికి, ఒకటి బ్యాటరీ కరెంటుకి. స్టీరింగ్ ముందు చోటు లేక పక్కసీటు వైపు చెక్కకు కంతలు కోసి బిగించాడు. నాన్న అటు వంగి చూశాడు.

"ముల్లు ఆనడం లేదయ్యా. దగ్గరిది చూడాలంటే కళ్ళజోడు పెట్టుకోవాలి. పెట్టుకుంటే రోడ్డు మసకగా ఉంటుంది."

"అయితే మీకు ముల్లు వద్దండీ, దీపమే" అన్నాడతను. పగిలిన లారీ వెనకదీపం నుంచి ఎర్ర అద్దం కోసి, రూపాయి బిళ్ళంత గుండ్రంగా అరగదీసి, లోపల బల్బు పెట్టి, స్టీరింగ్‌కి ఎదురుగా, చూపు ఎటు తిప్పినా తగిలేచోట బిగించాడు. ఇంజన్‌లో ఆయిల్ తగ్గినా, వేడి పెరిగినా అది వెలుగుతుంది. కీ తిప్పగానే ఒకసారి వెలిగి, ఇంజన్ అందుకోగానే ఆరిపోవాలి.

"అమ్మాయిగారూ, మీరు అరిచే అరుపంతా ఇక ఇది అరుస్తుంది" అన్నాడు నాతో.

"దీనికి నా అంత గొంతు లేదులే."

"అల్లా దయ! లేకపోతే అద్దం పగిలేది."

నాన్న కీ తిప్పాడు. ఎర్రగా వెలిగింది. ఇంజన్ కదిలింది. ఆరిపోయింది. మళ్ళీ ఆపి మళ్ళీ తిప్పాడు. పోగొట్టుకున్న వస్తువు దొరికిన మొహంతో నా వైపు చూశాడు. నా కోపం ఆ పూటకి పోయింది.

ఆ దసరాకి నాన్న కారు తెచ్చి ఇంటిముందు కడిగాడు. ఆయుధపూజ. అమ్మ పళ్ళెంలో గంధం, కుంకుమ పట్టుకుని కారు చుట్టూ తిరిగింది. చక్రాలకు, స్టీరింగ్‌కి, ఒక్కో మీటరుకీ బొట్టు. చివరికి ఎర్రదీపం దగ్గర ఆగింది. "నా మనిషిని కాపాడేది ఇదేగా" అని, గంధం దట్టంగా అద్ది, దాని మీద కుంకుమ ఒత్తింది. గుండ్రటి అద్దం, గుండ్రటి బొట్టు. కొలత తీసుకుని పెట్టినట్టు సరిపోయింది.

పండగ వెళ్ళిన మర్నాడు పొద్దున్నే నాన్న పామర్రు బయల్దేరాడు. కీ తిప్పాడు. దీపం వెలిగిందో లేదో కనపడలేదు. గంధం ఎండి పెచ్చులా కరుచుకుపోయింది. నేను చీరకొంగు తీసి తుడవబోయాను.

"ఏయ్!" అంది గుమ్మంలోంచి అమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "బొట్టు తుడుస్తావటే? మీ నాన్న బండెక్కి కూచున్నాక, నా ఎదురుగుండా, నేను పెట్టిన బొట్టు తుడుస్తావా?"

"అమ్మా, అది దీపం. కనపడాలి."

"దానంతటది రాలిపోతుంది. రాలితే రాలనీ. చేత్తో చెరపకు. అంత అశుభం ఇంకోటుందా?"

నాన్నకు మాటలు వినపడలేదు. అమ్మ మొహం కనపడింది. అది చాలు. నా చెయ్యి పక్కకు తీసేశాడు. "తర్వాత చూద్దాంలే" అన్నాడు నాకొక్కదానికే. సందు తిరిగాక తుడుచుకుంటాడని అనుకున్నాను. ఆయన కూడా అదే అనుకున్నాడేమో.

మధ్యాహ్నం ఎక్స్ఛేంజిలో బోర్డు ముందు ఉన్నాను. పక్కసీటావిడ "నీకే, ఉయ్యూరు నుంచి" అని లైను కలిపింది.

"నేనమ్మా" అంటున్నాడు నాన్న. ఆయన ఫోన్లో మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. "నువ్వు చెప్పేది నాకు వినపడదు. నేను చెప్పేది విను. ఉయ్యూరు దాటాక కారు ఆగిపోయింది. నాకేం కాలేదు. ఆ ఎలక్ట్రీషియన్‌ని తీసుకురా. అమ్మకి చెప్పకు."

"నాన్నా, ఇంజనేనా? నాన్నా!"

హెడ్‌సెట్‌లో ఆయన ఊపిరి వినపడుతోంది. నా మాట వినలేని మనిషి కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, పెట్టేశాడు.

ఎలక్ట్రీషియన్, నేను బస్సులో వెళ్ళాం. కాలవగట్టు మీద కారు ఒక పక్కకి ఒరిగి ఉంది. నాన్న దాని నీడలో గొంతుక్కూర్చున్నాడు. వెనక రోడ్డు మీద కనుచూపుమేర నల్లగా ఆయిల్ చార. పైపు జాయింటు ఊడి, అంతా కారిపోయింది. ఇంజన్ పట్టేసి బిగుసుకుపోయింది. అంతకుముందు బేరింగులు ఎంత గోల పెట్టి ఉంటాయో. పొలాల్లో ఉన్నవాళ్ళు కూడా తలెత్తి చూశారట.

ఎలక్ట్రీషియన్ కీ తిప్పాడు. "బల్బు పోయిందా ఏంటి, నా పని తప్పయిందా" అని గొణుగుతూ దీపం దగ్గరికి వంగాడు. వంగినవాడు ఆగిపోయాడు. ముట్టుకోనా వద్దా అన్నట్టు నా వైపు చూశాడు. నేనే గోరుతో గీకాను. కుంకుమ కింద గంధం, గంధం కింద ఎర్రటి వెలుగు. దారంత సన్నంగా. పైపు ఊడినప్పట్నుంచీ లోపల అది ఇలాగే వెలిగి ఉంటుంది.

ఎలక్ట్రీషియన్ కీ తీసి నాన్నకిచ్చేశాడు.

"ఎందుకు తుడవలేదు?" అని అరిచాను. నాన్న నా పెదాలు చూశాడు. రెండోసారి అరవక్కర్లేకపోయింది.

"సందు తిరిగాక తుడుద్దామనుకున్నా. కంకిపాడు దాటాక అనుకున్నా." కాలవ వైపు చూశాడు. "మీ అమ్మ మొహం చూశావుగా. చెయ్యి రాలేదమ్మా."

"ఇది నీ తప్పు కాదు నాన్నా. అమ్మతో చెప్తాను. ఇవాళే చెప్తాను."

"చెప్తే ఏమవుతుంది? ఈ జన్మలో మళ్ళీ బొట్టు పెట్టేటప్పుడు చెయ్యి వణుకుతుంది దానికి." జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "అన్న మాట అన్న మాటే."

వద్దన్నాను. వేళ్ళు మూసి, గుప్పిట మీద తన చెయ్యి అదిమిపెట్టాడు. మిల్లు ట్రాక్టరు వచ్చి కారుని తాడు కట్టి లాక్కుపోయింది. మళ్ళీ అదే ఊకకొట్టానికి. ఆ తర్వాత నాన్న బస్సులోనే తిరిగాడు. డ్రైవరు వెనక సీటు దొరికితేనే ఎక్కేవాడు.

అమ్మకు ఆయిల్ పైపు సంగతి మాత్రం చెప్పాం. ఆమె రెండు చేతులూ జోడించింది. వీధిలో అందరికీ చెప్పుకుంది. "నేను పెట్టిన బొట్టే కాపాడిందండీ. కాలవ పక్కన ఆగింది గానీ కాలవలో పడలేదు. తుడుస్తానంది ఇది. తుడిచి ఉంటే?" నేను పళ్ళు బిగించి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. నాన్న ఆమె పెదాలు చూస్తూ, అవునని తలూపేవాడు.

మరుసటి దసరాకి అమ్మ గంధం, కుంకుమ పళ్ళెంతో వాకిట్లోకి వచ్చి, ఖాళీ చోటు చూసి ఆగింది. లోపలికొచ్చి, మేకుకు తగిలించిన తాళంచెవికి బొట్టు పెట్టింది. నాన్న వరండాలో కూర్చుని గుమ్మంలోంచి అదంతా చూశాడు. అమ్మ వెళ్ళాక, ఇప్పుడైనా చెప్పేద్దామా అన్నట్టు నాన్న వైపు చూశాను. ఆయన నా కళ్ళలోకి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.