తాగని డ్రైవరు

ఆ రోజుల్లో మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. రాష్ట్రం కొత్తది, మద్యనిషేధం మాత్రం అంతకుముందు నుంచే ఉంది. అంటే తాగడం నేరం. తాగి బండి నడపడం మాత్రం ఎవరికీ తప్పుగా తోచేది కాదు. పైగా పెళ్లికి లారీ మాట్లాడుకుంటే, బయలుదేరే ముందు పెళ్లిపెద్ద డ్రైవరును గడ్డివామి చాటుకు తీసుకుపోయి ఒక గ్లాసు నాటుసారా, నంజుకోవడానికి పచ్చి ఎర్రగడ్డ, అంటే ఉల్లిపాయ, ఇవ్వడం ఆనవాయితీ. దానికి 'డ్రైవరు మర్యాద' అని పేరు. (చాటుకు పోయేది పోలీసులకు భయపడే, ప్రమాదానికి కాదు.) ఆ మర్యాద పుచ్చుకోకుండా స్టీరింగు పట్టుకున్నవాణ్ని జనం అనుమానంగా చూసేవాళ్లు.

నేను సాయిబు మామ లారీలో రాతి పలకల లోడు ఎత్తుతూ, దించుతూ, క్లీనరుగా చాలాకాలం నలిగి, చివరికి లైసెన్సు తెచ్చుకున్నాను. మా నాయన ఎద్దుల బండి తోలేవాడు. సంతలో తాగి బండిలోనే పడుకుంటే, ఎద్దులే ఇంటికి తెచ్చేవి. ఊరంతా నవ్వుకుంటూ ఎద్దుల్ని మెచ్చుకునేది. మా అమ్మ మాత్రం మువ్వల చప్పుడు వినపడేదాకా గడపలోంచి లేచేది కాదు. లైసెన్సు చూపించిన రోజున నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుని, "ఎద్దులకు ఇల్లు తెలుసు నాయనా, లారీకి తెల్దు. తాగి తోలనని ఒట్టెయ్" అంది. వేశాను.

మొదటి ట్రిప్పే పెళ్లి ట్రిప్పు తగిలింది. మగపెళ్లివారిని మధ్యాహ్నం ముహూర్తానికి యర్రగొండపాలెం అవతల ఒక పల్లెకు చేర్చాలి. "బేటా, పెళ్లోళ్ల దగ్గర్నుంచి ఒక్క మాట వచ్చిందా, మళ్లా క్లీనరే నువ్వు" అని సాయిబు మామ ముందే చెప్పి పంపాడు. పెళ్లికొడుక్కు తండ్రి లేడు, పెద్దరికమంతా పెదనాయనది. మనిషి కంటే మీసాలే ముందు నడిచి వచ్చేవి. ఆయన గ్లాసు అందిస్తే, అలవాటు లేదన్నాను.

"తాగనోడు డ్రైవరేంది? అడవి దారిలో, వాగుల్లో బండి దించాలంటే గుండె రావద్దూ?" అన్నాడు మీసాల పెదనాయన. పెళ్లికొడుకు అవ్వ నా ముఖం పట్టి చూసి, "పాలు తాగే మొగం. ఈని చేతిలో ఇంతమందిమి ప్రాణాలు పెట్టాల్నా?" అంది. అప్పటికే లారీలో గడ్డి మీద జంపఖానాలు పరుచుకుని కూర్చున్నవాళ్లు కూడా ఒక్కొక్కరే దిగడం మొదలుపెట్టారు. నా ఉద్యోగం కూడా వాళ్లతోపాటే దిగిపోతున్నట్టు కనిపించింది. "ఆ గ్లాసు ఇట్ల తే పెదనాయనా" అని తీసుకుని వామి వెనక్కు పోయాను. ఎర్రగడ్డ కసకసా నమిలాను. సారా కొంత గడ్డికి పోశాను, కంగారులో కొంత నా చొక్కా మీదే పడింది. గట్టిగా ఉత్త గుటక మింగి, 'హా' అని, మూతి తుడుచుకుంటూ ఇవతలికి వచ్చాను. "ఇప్పుడు చూడు, మొగంలోకి కళ వచ్చింది" అంది అవ్వ. అందరూ ఎక్కేశారు. దోర్నాల దాకా, మందు పడ్డాక నా చెయ్యి ఎంత నిలకడగా ఉందో ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉన్నారు.

దోర్నాల చెక్‌పోస్టులో జవాను క్యాబిన్‌లోకి తొంగి చూశాడు, ముక్కు ఎగబీల్చాడు. "దిగు. తాగినావా?" వెనక పెళ్లివాళ్లంతా చెవులు రిక్కించారు. తాగలేదంటే వాళ్లు దిగిపోతారు, తాగానంటే నేను లోపలికి పోతాను. మెల్లగా కిందికి దిగాను. నన్ను ఆదుకోవడానికి అవ్వ పైనుంచి కేకేసింది:

"తాగినాడు నాయనా, బాగా తాగినాడు! కళ్లారా చూసినా. ఆ పిల్లోని మీద ఏ అనుమానమూ పెట్టుకోవాకు!"

"ఓహో! పోసినోళ్లెవరు?" అన్నాడు జవాను. పెదనాయన మీసాలు వాలిపోయాయి. "అది... మజ్జిగ సార్."

"మజ్జిగా! మజ్జిగ తాగినోని బండి ఎక్కిచ్చినావా మమ్మల్ని?" అంటూ అవ్వ ఒక కాలు లారీ అంచు మీద వేసింది.

జవాను నా ముందుకొచ్చి "ఊదు" అన్నాడు. (అప్పటికి మిషన్లు లేవు, జవాను ముక్కే మిషను.) ఊపిరంతా కూడగట్టుకుని ఊదాను. ఎర్రగడ్డ ఘాటుకు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చెవిలో ఉన్నదంతా చెప్పేశాను. కాసేపు నన్ను తేరిపార చూసి, గేటు పట్టుకుని పగలబడి నవ్వాడు. "ఈ పిల్లోడు చుక్క గూడా తాగలా. చొక్కాకు తాపినాడు!" అని అరిచాడు. జనం బిలబిలా దిగబోతుంటే, "దిగండి, దిగండి. సారా యాడిదో దిగినోళ్లనే అడుగుతా" అన్నాడు. దిగబోయినవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు. నా చొక్కా విప్పించి, బనియను మీద పంపించాడు.

నా మీద కన్నేసి ఉంచడానికి అవ్వ క్యాబిన్‌లోకి మారింది. "ఎవరు చెడగొట్టినారురా నిన్ను?" అంటే మా అమ్మ మాట చెప్పాను. వాగు దాటి గట్టెక్కాక, "పెళ్లికొడుకు నాయన తాగి బండి తోలుకుంటా పోయి, మళ్లా రాలేదు. నా కొడుక్కు నేను ఒక్కనాడన్నా ఇట్ల చెప్పలేకపోతి" అంది. నాకు దుఃఖం వచ్చింది. రోడ్డు చూస్తూ నడిపాను. ముహూర్తానికి చేరాం. తిరుగు ప్రయాణంలో పెదనాయన అలవాటుగా గ్లాసు పట్టుకొస్తే అవ్వ అడ్డం నిలబడింది. "ఈని జోలికి పోవాకు" అని నాకు తన చేత్తో మజ్జిగ ఇచ్చింది. సాయిబు మామకు ఫిర్యాదేమీ పోలేదు, నేను మళ్లీ క్లీనరును కాలేదు.

ఈ మధ్య నా కారులో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని శ్రీశైలం పోతుంటే, అదే దోర్నాలలో ఒక కుర్ర కానిస్టేబులు ఆపాడు. పక్కన ఒక పెళ్లి టెంపో నిలబడి ఉంది. దాని డ్రైవరు తలొంచుకుని ఉన్నాడు. ఆడవాళ్లు దిగి, "తాగి బండి తోలతావా? పిల్లలుండారు గదా!" అని వాణ్ని దులిపేస్తున్నారు. అవ్వ ఉంటే వాళ్లందరికంటే ముందు నిలబడేదేమో. కానిస్టేబులు నా నోటి దగ్గర మిషను పెట్టి, "ఊదు తాతా" అన్నాడు. ఊదాను.

"జీరో తాతా! పో!" అని గట్టిగా అరిచాడు.

నేను ఉలిక్కిపడి వెనక సీటు వైపు చూశాను. "కొంచెం మెల్లగా చెప్పు నాయనా," అన్నాను, "బండిలోవాళ్లు వింటే దిగిపోతారు."