సొన మరకల బొంత

మా చిన్నప్పుడు... స్వరాజ్యం వచ్చిన మరుసటి ఎండాకాలం. రెడ్డిగూడెం పక్క మామిడి తోటల్లో రసాలు కోతకొచ్చాయి. మా అయ్యా అమ్మా కామందు గారి తోటలో కాయలు గంపలకెత్తుతుంటే, నేనూ నాయనమ్మా ఆయన ఇంటి పెరటి వసారాలో కూర్చుని బొంత కుడుతున్నాం...

ఆ బొంత కామందు గారి కూతురి పురిటికి. పుట్టిన బిడ్డను కొత్తబట్ట మీద పడుకోబెట్టరు కదా... నిండుగా బతికిన పెద్దవాళ్ళ పాతబట్టే మెత్తన, అదే ఆయుష్షు అంటారు. అందుకని ఆ ఇంటి అమ్మగారు తన అత్తగారి నేతచీరలూ, మామగారి పంచెలూ చింపి ఇచ్చారు. జానెడు ముక్కలు నాలుగు కలిపితే ఒక గడి. అంచులు లోపలికి మడిచి, బియ్యపుగింజంత టాకాలు వేయాలి. నాయనమ్మ చెబుతుంది, నేను కుడతాను. ఆవిడకి అప్పటికే సూదిబెజ్జం కనబడదు.

కుట్టినందుకు నాకొక పరికిణీ ఇస్తామన్నారు. అమ్మగారి కూతురు చిన్నప్పుడు కట్టిన ఆకుపచ్చది. బట్టకు కరువు రోజులవి... నాకున్న ఒక్క పావడా పీలికలైపోయింది. "ఎదిగే పిల్లవి. ఈ పీలికలతో ఐదో తరగతికి పంపను. తోటకి రా, గంపల్లో గడ్డి పరుద్దువు గాని" అని అమ్మ తేల్చేసింది. మా ఇంట్లో నాకు ముందు బడి గడప ఎక్కినవాళ్ళు లేరు. పరికిణీ వస్తే బడి, రాకపోతే గంపలు... అంతే.

వసారాలో మాకు తోడు రెండు పిల్లికూనలు. ఒకటి మసిరంగుది, ఒకటి చారలది. దారపు ఉండ దొర్లిందా, దాని వెనకే రెండూ! సూదిలోకి దారం ఎక్కిస్తుంటే కొస పట్టుకుని వేలాడేవి. కుట్టిన గడి పరిస్తే నడిమధ్యన పడుకుని, ఇక లేవం అన్నట్టు చూసేవి. "ముందు వీటికే పురుడు పొయ్యాలే" అని నాయనమ్మ నవ్వేది.

ఆ కూనలు వంటింట్లోకి వెళ్ళేవి, పాలగదిలోకి వెళ్ళేవి, అమ్మగారి అత్తగారి మంచమెక్కేవి. మేము మాత్రం వసారా దాటి లోపలికి వెళ్ళకూడదు...

అమ్మగారిచ్చిన ముక్కలు చేటలో ఉండేవి. మా ఇంటి బొంతకని నాయనమ్మ తెచ్చుకున్న ముక్కలు తట్టలో. ఒక మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుంటే, కూనలు కుస్తీ పడుతూ రెండూ బోర్లించేశాయి. గబగబా ఏరాను. నాయనమ్మ వెలిసిపోయిన చీర ముక్కలు కొన్ని చేటలో పడ్డాయి. వాటి మీద మామిడి సొన మరకలున్నాయి... కానీ నా కంటికవి మరకల్లా కనబడనే లేదు. మా ఇంట్లో సొన మరక లేని బట్ట ఏది గనక?

బొంత పూర్తయ్యాక అమ్మగారు కొస పట్టుకుని వెలుగులోకి ఎత్తారు. మూడు గళ్ళ దగ్గర వేలు ఆగింది.

"ఏమే, ఇది సొన మరక కదూ? మా అత్తగారు ఎప్పుడు కోశారే కాయలు?"

నాయనమ్మ గబుక్కున లేచింది. "చిన్నపిల్ల, చూసుకోలేదు అమ్మగారండీ. విప్పించేస్తాను."

"నా మనవడి పక్కలో మీ పాతగుడ్డలా! పిల్లా, విప్పు ముందు. విప్పకపోతే పరికిణీ ఊసెత్తకు."

సూది చేతిలోకి తీసుకున్నాను కూడా... నిజం చెబుతున్నా. ఆకుపచ్చ పరికిణీ కళ్ళ ముందు ఆడింది. కానీ పక్కన నాయనమ్మ చేతులు జోడించుకుని నిలబడి ఉంది. నలభై ఏళ్ళుగా ఆ తోట కాయలే మోసిన చేతులు...

"విప్పనండి" అన్నాను.

"ఏంటీ?"

"మా నాయనమ్మ కూడా నిండుగా బతికినావిడే కదండీ. ఆవిడ చీర పనికిరాకపోతే, నేను వేసిన టాకాలు ఎలా పనికొస్తాయండీ? బొంతంతా అవే కదా. విప్పితే అన్నీ విప్పాలి."

"నోర్ముయ్యవే!" అని నాయనమ్మ నా వీపు మీద ఒకటి వేసింది.

"నాలుగక్షరాలు రాగానే నోరు లేచిందే దీనికి! ఇంకా చదివితే నా నెత్తినెక్కి కూర్చుంటుంది" అంటూ అమ్మగారు కత్తెర తెప్పించి, ఆ మూడు గళ్ళూ తనే కోసి పెరట్లోకి విసిరారు. విసిరిందే తడవు, కూనలు రెండూ వాటి మీద పడ్డాయి. చెరో కొసా పట్టుకుని ఒక గడిని ఈడ్చుకుంటూ సరాసరి పాలగదిలోకి! "ఛీ ఛీ" అంటూ వెనకాల అమ్మగారు... నాకు నవ్వాగలేదు. ఏడుపూ ఆగలేదు.

ఇంటికొచ్చాక నాయనమ్మ తిడుతుందనుకున్నాను. గుడిసెలో తట్ట బోర్లించి, "పరికిణీ ఎలాగూ పోయింది. బడి కూడా పోవాలా ఏం? దారం ఎక్కించవే" అంది. మా బొంతకని దాచిన ముక్కలన్నీ కలిపి, మూడు రోజులు కూర్చుని ఇద్దరం ఒక పావడా కుట్టాం.

"జనం నవ్వుతారత్తా" అంది అమ్మ.

"నవ్వనీ. చిరుగు కనబడితే సిగ్గు గానీ, కుట్టు కనబడితే సిగ్గేంటే?" అంది నాయనమ్మ. అమ్మ నా పలక తుడిచి చేతికిచ్చింది.

బడి తెరిచిన రోజు "బొంత పావడా... బొంత పావడా..." అని పిల్లలు వెంటపడ్డారు. నేను తల దించలేదు. వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను, మరకలన్నీ పైకి కనబడేలా పావడా పరుచుకుని. ఆ ఏడు ఐదో తరగతి పాసయ్యాను. ఆ తర్వాత నన్ను తోటకి రమ్మని అమ్మ ఎప్పుడూ అనలేదు.

నాయనమ్మ ఇప్పుడు లేదు. సంతలో రంగురంగుల మిల్లు దుప్పట్లు వచ్చాయి. బొంత కప్పుకోవడం నామోషీ అంటున్నారు... అంటే అననివ్వండి. ఆ మెత్తదనం ఏ దుప్పటికీ లేదు. ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు... బొంత ఏ ఇంటిదో ఊరంతా చెబుతుంది, కుట్టినవాళ్ళ పేరు ఎవరూ చెప్పరు.

మా నాయనమ్మ పేరు రత్తమ్మ. మీ ఇంట్లో బొంతలు కుట్టిన ఆవిడ పేరేంటి? గుర్తుంటే రాయండి... ఫలానా వాళ్ళ నాయనమ్మ అని కాదు, ఆవిడ పేరే రాయండి.